పేడనీళ్ళూ నీటికుక్కలూ

“నీళ్ళ దగ్గరికా? అక్కడ పాములుండవూ? జలగలు పట్టవూ? కాలు జారితే పిల్ల గతేంటి?”

కారు అద్దం సగమే దించి అడిగిన ఆ ప్రశ్నలకి, రోడ్డుకి అడ్డంగా పట్టిన వెదురుబొంగు మీద గడ్డం ఆనించి నిలబడ్డ ఆవిడ తాపీగా జవాబు చెప్పింది.

“పాములుంటాయి. జలగలూ ఉంటాయి. జారితే నీ గుంట పడతాది, పడిన పిల్ల లెగుత్తాది. నువ్వేటి, పడకుండానే ఇంతదానివైపోనావా?”

బొంగు రెండో కొస పట్టుకున్న ఆడవాళ్ళు గొల్లున నవ్వారు. వెనక సీటులో ఉన్న నాలుగేళ్ళ పైడి కూడా, సంగతేమిటో తెలియకపోయినా, వాళ్ళతో కలిసి నవ్వింది.

అద్దం దించినామె పేరు భానుశ్రీ. విజయనగరం పిల్ల. జువాలజీలో ఎమ్మెస్సీ చేసి, ముంచింగిపుట్టులో ఒక గురుకులంలో సైన్సు చెబుతోంది. భర్త లక్ష్మీప్రసాద్‌కి సీలేరులో ఉద్యోగం. సెలవు దొరికినప్పుడు వచ్చి వెళతాడు. పైడికి పాకే వయసులో జ్వరం వచ్చి, ఆ జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. వయసుతో పాటు అవే పోతాయి, భయం లేదన్నాడు డాక్టరు. మళ్ళీ రానూ లేదు. కానీ వెయ్యి మందిలో ఒకరికి జరుగుతుందని పుస్తకంలో రాసి ఉంటే, ఆ ఒక్కరూ తన పిల్లేనని నమ్మే తల్లి భానుశ్రీ. అందుకే పైడికి అడుగు వేసినప్పుడల్లా కీచుమనే బూట్లు కొంది. తను వంటింట్లో ఉన్నా, దొడ్లో బట్టలు ఆరేస్తున్నా, ఆ కీచు వినబడుతున్నంతసేపూ ప్రాణం కుదురుగా ఉంటుంది.

బొంగు మీద గడ్డం ఆనించినావిడ కనక. చైత్రంలో ఇటుకల పండగ వచ్చిందంటే ఆ కొండల్లో మగవాళ్ళు వేటకి పోతారు, ఆడవాళ్ళు రోడ్డు మీదికొస్తారు. బొంగు అడ్డం పెట్టి, వచ్చే పోయే బళ్ళని ఆపి, పాట పాడి, ఏదో ఒకటి పుచ్చుకుని కానీ వదలరు. ఆ ఏడు చైత్రం ఆలస్యమై పండగ నడివేసవిలో పడింది. భానుశ్రీ చేతికందిన నోటు తీసి ఇవ్వబోతే కనక దానివంక చూడనైనా చూడలేదు. ఆవిడ చూపంతా భానుశ్రీ మెడలో వేలాడుతున్న దుర్భిణి మీదే ఉంది.

“ఆ గొట్టాలేటి?” అనడిగింది.

“దూరంగా ఉన్నవి దగ్గరగా కనిపిస్తాయి.”

“అయితే ఏటి సూత్తావు దాంతో?”

భానుశ్రీ మెడలోని దుర్భిణిని తడుముకుంది. కాలేజీ రోజుల్లో పక్షుల్ని చూడ్డానికి కొనుక్కున్న దుర్భిణి అది. ఇప్పుడు దాంతో స్టాఫ్‌రూమ్ వరండాలోంచి, రోడ్డవతల అంగన్‌వాడీలో ఉండే కూతుర్ని చూస్తోంది. “పిల్లని” అంది చివరికి, నోట్లో నోట్లో.

“పిల్ల నీ ఎనకాలే ఉంది కదే తల్లీ!” అని కనక బుగ్గలు నొక్కుకుంది. “నీ నోటొద్దు గానీ, రేపు తెల్లారేసరికి ఆ గొట్టాలట్టుకుని మా బంద నీళ్ళ కాడికి రా. నీటికుక్కని పట్టాల. వలతో కాదు, కళ్ళతో.”

అప్పుడు పుట్టినవే ఆ పాముల ప్రశ్నా, జలగల ప్రశ్నా. అయితే నీటికుక్క అన్న మాట భానుశ్రీ చెవిలో పడి అక్కడే తిష్ఠ వేసింది. ఏటా పిల్లలకి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పే జంతువది. జన్మలో ఒక్కసారీ కళ్ళబడలేదు. వస్తానని ఎలా ఒప్పుకుందో ఆమెకే తెలియదు. ఇల్లు చేరేలోగా రెండుసార్లు కారాపి, వెనక్కి వెళ్ళి రానని చెప్పేద్దామా అనుకుంది.

కనకది ఒడిశా సరిహద్దుకి అవతలి పల్లె. ఇవతల కరకపుట్టుకి కోడలిగా వచ్చింది. మూడు భాషలొచ్చు. అమ్మడానికి తెలుగు, కొనడానికి ఒడియా, తిట్టడానికి సొంత భాష. సంతలో ఆవిడ పసుపూ చింతపండూ పోసుకుని కూచుంటే, కొనేవాళ్ళకంటే ఆవిడ మాటలు వినేవాళ్ళే ఎక్కువ మూగేవారు. పండగప్పుడు మరీను. వేట నుంచి వట్టి చేతులతో వచ్చిన మగవాడి మీద పేడనీళ్ళు పొయ్యడం అక్కడి ఆడవాళ్ళ హక్కు. ఆ హక్కుని కనక అనుభవించినంతగా ఊళ్ళో ఇంకెవరూ అనుభవించలేదు. చూరు కింద కుండ పట్టుకుని నక్కి కూచుని, మామ అనీ మరిది అనీ చూడకుండా నెత్తి మీంచి దిమ్మరించేది. ఒక్క మొగుడు సుక్రు మీద మాత్రం పొయ్యాల్సిన పని పడేది కాదు. అంత గురి ఉన్నవాడు చుట్టుపక్కల లేడు.

కొన్నేళ్ళ కిందట ఒక పండక్కి మగవాళ్ళంతా, సుక్రుతో సహా, వట్టి చేతులతో తిరిగొచ్చారు. ఊళ్ళో ఉన్న పేడ చాలలేదు. పోసి పోసి చేతులు నొప్పెట్టిన ఆడవాళ్ళ మధ్య నిలబడి కనక ఒక మాటంది. “మీకు బాణాలున్నాయి, మాకు పేడుంది. కొండలో జంతువే నేదు. ఇలాగైతే ఈ పండగ మన మీద మనం పేడ పోసుకోడానికే మిగుల్తాది.”

ముందు నవ్వారు. తర్వాత ఆలోచనలో పడ్డారు. కొత్త పద్ధతి కూడా కనకే చెప్పింది. బాణాలు అటక మీద పెట్టాలి. పండగ పూట మగవాళ్ళు బందకి పోయి కాపు వేసి, కొత్తగా ఏ జంతువైనా కనబడితే ఊళ్ళోకొచ్చి ఆడవాళ్ళ ముందు అది ఎలా నడిచిందో, ఎలా తిన్నదో ఆడి చూపించాలి. నమ్మేలా ఆడితే కల్లు. లేకపోతే పేడనీళ్ళు. అటవీశాఖ వాళ్ళు బంద దగ్గర నీలం బోర్డు పాతి, కాపలాకి మనిషి కావాలంటే, పిట్టల్ని కాయడం మగాడి పనేటని ఎవరూ కదల్లేదు. కనక చీర చెంగు దోపుకుని ముందుకొచ్చింది. సుక్రు కాదనలేదు, ఔననలేదు. బాణాలతో పాటు పెళ్ళాంతో వేట కబుర్లు కూడా అటకెక్కించేశాడు.

పిట్టలు తిరిగొచ్చాయి. బాతులొచ్చాయి. కొండగొర్రె నీళ్ళకి దిగడం కూడా చూశారు. నీటికుక్క మాత్రం రాలేదు. తన చిన్నప్పుడు గెడ్డవాగులో చేపలు పట్టే మావుబుట్టలు పెడితే, పడ్డ చేపల్ని తినేసి వెక్కిరించి పోయేవని కనక చెప్పేది. అందుకే పంతంలో నోరు జారింది, “అవి కూడా వస్తాయి, సూడండి” అని. ఆ మాటని సుక్రు తమ్ముడు ఫల్గుణ పట్టుకు కూచున్నాడు.

“ఒదినా, ఈ పండగ ఆఖరి రోజుకి నీటికుక్క కనబడాల. కనబడకపోతే వచ్చే ఏడు బాణాలు దింపుతాం. నీ మాటే, నాది కాదు.”

పెద్దలు తలలూపారు. భానుశ్రీని రమ్మన్న మర్నాడే ఆ ఆఖరి రోజు.

తెల్లవారేసరికి భానుశ్రీ వచ్చింది. పైడి నెత్తిన టోపీ, ఒంటికి దోమల క్రీము, చేతులకి తొడుగులు, కాళ్ళకి కీచు బూట్లు. సంచిలో ఓఆర్ఎస్, థర్మామీటరు, టించరు, రెండు జతల బట్టలు. కనక ఆ సంచివంక చూసి, “కాపురానికి ఒచ్చీసినావేటి, టీచరమ్మా?” అంది.

బంద అంటే అక్కడివాళ్ళ మాటలో చిన్న చెరువు. కొండ మీంచి దిగిన గెడ్డ అక్కడ పరుచుకుని ఊబిగా మారింది. చుట్టూ మనిషెత్తు తుంగ, నడుమ తామరాకులు. నడివేసవి కాబట్టి నీరంతా మధ్యలోకి కుదించుకుపోయింది. దాహమేసిన ప్రతి ప్రాణీ అక్కడికే రావాలి. ఫల్గుణ, మరికొందరు మగవాళ్ళు అవతలి గట్టు మీద కూచున్నారు. కనక, తల్లీకూతుళ్ళు ఇవతల రాతి మీద.

కాపలా మనిషై ఉండి కనక ఒక్క క్షణం నోరు మూసుకోలేదు. పిట్టలు ఆ గొంతుకి ఎప్పుడో అలవాటుపడిపోయాయి. వాటి అసలు పేర్లు ఆవిడకి పట్టవు. ఒంటికాలి మీద కునుకు తీసే కొంగ ‘ఆఫీసరు’. తోక ఎగరేస్తూ తుంగలో తిరిగే నీటికోడి ‘మా అత్త’. ఎవరొచ్చినా అరిచి గోల చేసే తీతువు ‘వార్డు మెంబరు’.

“అది తీతువు, పిన్నీ. చూడండి, నీళ్ళలో పొట్ట తడుపుకుంటోంది. వెళ్ళి గుడ్ల మీద కూచుంటుంది. ఎండకి గుడ్లు ఉడికిపోకుండా అలా చల్లబరుస్తుంది” అంది భానుశ్రీ, దుర్భిణిలోంచి చూస్తూ.

కనక కళ్ళు పెద్దవి చేసింది. “ఔనా? నానింకా దానికి ఒళ్ళు మంటనుకుంటన్నాను. మెంబరైతే మాత్రం, తల్లి కాకపోతాదేటి!” ఆ రోజు నుంచి తీతువు ‘మెంబరమ్మ’ అయింది.

అంతలో పైడి లేచి రెండడుగులు వేసింది. కీచ్, కీచ్. బాతులన్నీ ఒక్కసారి గుంపుగా లేచిపోయాయి. ఆఫీసరు కూడా మేలుకుని వెళ్ళిపోయాడు.

“ఒదినా, ఆ కీచుకీచేటి? నీటికుక్క ఒచ్చినా పారిపోతాది!” అవతలి గట్టు నుంచి ఫల్గుణ అరిచాడు.

“నీ అరుపుకి కొండే పారిపోతాది, మూసుకో!” కనక ఇక్కణ్ణించి అంతకంటే గట్టిగా అరిచి, భానుశ్రీ వైపు తిరిగింది. “టీచరమ్మా, గుంటకి ఆ బూట్లు ఇప్పీయకూడదా?”

“వద్దు పిన్నీ. ఈ బురదలో కొంకిపురుగులు పాదంలోంచే ఒంట్లోకి వెళ్ళిపోతాయి. పైగా ఆ చప్పుడు లేకపోతే నాకు...”

కనక ఆమె మొహంలోకి ఒకసారి చూసింది. పైడిని తన పక్కన కూచోబెట్టుకుని, చెంగు ముడిలోంచి మామిడి ముక్క తీసి ఇచ్చింది. దాన్ని కడిగారా లేదా అని భానుశ్రీ అడిగేలోపే పైడి మింగేసింది.

ఎండ ఎక్కింది. ఏమీ రాలేదు. అవతలి గట్టు మీద మగవాళ్ళు చెట్టు నీడకి జరిగి ఒక్కొక్కరే వెల్లకిలా పడుకున్నారు. కనక మాటలు తగ్గాయి. “ఆళ్ళు బాణాలు దింపితే ఈ మెంబరమ్మే ముందు పోతాది. ఒక చోట కుదురుగా గుడ్ల మీద కూచుంటాది గదా” అంది, నీళ్ళవంక చూస్తూ. పొద్దున్నుంచి అరిచిన గొంతేనా ఇది అనిపించింది భానుశ్రీకి. ఊరికే కూచోలేక లేచి రాళ్ళ వెంట వెతకడం మొదలెట్టింది.

కాస్త దూరంలో, నీళ్ళ మీదికి వంగిన బండ మీద, ఎండిన మలం కనిపించింది. పుల్లతో విడదీసింది. నిండా చేప పొలుసులు, పీత డెక్కల ముక్కలు. ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూసింది. నక్కది కాదు, పిల్లిది కాదు. పక్కనే తడి ఆరని ఇంకొకటి. అంటే నిన్న రాత్రిదే! వేళ్ళ మధ్య పొర ఉన్న అడుగుజాడ ఎక్కడైనా ఉందేమోనని మోకాళ్ళ మీద కూచుని ఇసకంతా వెతికింది. ఉంది. మళ్ళీ ఒకటి, అంతకంటే చిన్నది. పిల్లలు కూడా ఉన్నాయి! ఆ సంతోషంలో లోకం మరిచిపోయింది.

మరిచిపోయిందన్న సంగతి చప్పుడు లేకపోవడం వల్ల తెలిసింది.

కీచు వినబడటం లేదు. ఎంతసేపటి నుంచో లేదు. తల తిప్పి చూస్తే రాతి మీద టోపీ ఉంది. పిల్ల లేదు. కనకా లేదు.

భానుశ్రీ చేతిలో పుల్ల పారేసి లేచింది. రాళ్ళ మీద పడుతూ లేస్తూ పరిగెత్తింది. నోరు తెరిచి పేరు పెట్టి పిలవబోయేంతలో తుంగలోంచి ఒక చెయ్యి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుని కిందికి లాగింది.

“కేకెయ్యకు” అంది కనక గుసగుసగా. ఆవిడ గుసగుసలాడగలదని భానుశ్రీకి అప్పుడే తెలిసింది.

తుంగ అవతల, చీలమండ దాకా బురదలో, వట్టి కాళ్ళతో పైడి గొంతుకు కూచుని ఉంది. గౌను వెనకాల రిబ్బను కనక రెండో చేతి గుప్పిట్లో భద్రంగా ఉంది. భానుశ్రీ చూపు పిల్ల కాళ్ళ మీదికి పోయింది, జలగల కోసం. నెత్తి మీదికి పోయింది, ఎండ కోసం. నోటి మీదికి పోయింది, ఏం తిందోనని. కనక ఆమె గడ్డం పట్టుకుని మెల్లగా పక్కకి తిప్పింది.

“అటు.”

నీళ్ళలో మూడు తలలున్నాయి. నున్నగా, తడిగా, మీసాలతో. పెద్దది ఒకటి నడుం దాకా పైకి లేచి, మెడ సాచి చూస్తోంది. చిన్నవి రెండు. అందులో ఒకటి వెల్లకిలా తేలుతూ, ముందుకాళ్ళు రెండింటితో పొట్ట మీద ఎర్రగా ఏదో పట్టుకుని కొరుకుతోంది. పైడి బూటు!

కీచ్.

పిల్ల నీటికుక్క ఉలిక్కిపడి బూటు వదిలేసింది. చుట్టూ బుడుంగున ఒక మునకేసి, మళ్ళీ వచ్చి మూతితో పొడిచి చూసింది. కొరికింది. కీచ్. ఇటు గట్టు మీద పైడి తన దగ్గరున్న రెండో బూటుని చేత్తో నొక్కింది. కీచ్. పెద్దది సన్నగా ఈల వేసింది, అచ్చం ఆ బూటులాగే.

“గుంట బూట్లు ఇప్పి ఒకటి నీళ్ళలో పారీసింది” అంది కనక, నవ్వు ఆపుకోలేక చెంగు నోట్లో కుక్కుకుంటూ. “రెండోదాన్ని నొక్కతంటే, పిల్ల ఏడుత్తందనుకున్నాదో ఏటో, తల్లి ఒచ్చీసింది.”

ముగ్గురూ ఎంతసేపు అలా చూశారో ఎవరికీ తెలియదు. ఒక చీమ పైడి మెడ మీద పాకుతుంటే భానుశ్రీ చూడలేదు. చివరికి పెద్దది మరోసారి ఈల వేసి మునిగింది. పిల్లలూ మునిగాయి. బూటు కూడా వాటితోనే పోయింది.

ఊళ్ళో ఆడవాళ్ళు కుండలతో తయారుగా ఉన్నారు. ముందు ఫల్గుణ వచ్చాడు. నిద్ర మొహం మీద గడ్డిపరకల అచ్చులు ఇంకా ఉన్నాయి. అతన్ని అడగనైనా అడగకుండా దిమ్మరించారు. పేడ కళ్ళలోంచి తుడుచుకుంటూ, “ఒదిన చూసిందంటే నాను నమ్మను. ఆవిడ మాట ఆవిడకే సాక్షి. ఫోటో ఏదీ?” అన్నాడు.

ఫోటో తియ్యాలని భానుశ్రీకి తోచనే లేదు. ఫోను సంచిలో ఓఆర్ఎస్ పొట్లాల కింద పడుంది. “నేను చూశాను. మలంలో చేప పొలుసులున్నాయి, వేళ్ళ మధ్య పొర గుర్తులు...” అని మొదలెట్టింది.

“పాఠమొద్దు టీచరమ్మా, ఆటాడు!” అన్నారు ఆడవాళ్ళు.

భానుశ్రీ సిగ్గుపడి చేతులు నలుపుకుంటూ నిలబడింది. నియమం నియమమే. చల్లగా, పచ్చగా నెత్తి మీంచి జారింది. అందులో ఏయే సూక్ష్మజీవులుంటాయో ఆమెకి పేర్లతో సహా తెలుసు. ఆశ్చర్యంగా, ఒక్కటీ గుర్తు రాలేదు. అమ్మని చూసి పైడి పడీ పడీ నవ్వింది.

గుమ్మం పక్కన గోడకి ఆనుకుని కూచున్న సుక్రు అప్పుడు నోరు విప్పాడు. “ఆ గుంటని ఆడమనండి.”

అందరూ తప్పుకున్నారు. ఊళ్ళో నీటికుక్క తీరు ఎరిగినవాడు సుక్రు ఒక్కడే. అతను ఔనంటే ఫల్గుణ కూడా కాదనలేడు. కనక పైడిని మధ్యలోకి జరిపింది.

పైడి నేల మీద వెల్లకిలా పడుకుంది. మిగిలిన బూటుని పొట్ట మీద రెండు చేతులతో పట్టుకుంది. తల ఇటూ అటూ ఊపి బూటుని కొరికింది. కీచుమనగానే ఉలిక్కిపడి వదిలేసి, ఒక్క దొర్లు దొర్లి, బోర్లా వచ్చి ముక్కుతో మెల్లగా పొడిచింది. మళ్ళీ వెల్లకిలా. ఆ తర్వాత లేచి, మెడ సాచి, చేతులు వేలాడేసి, తల్లి నీటికుక్కలా నిలబడి నాలుగు వైపులా చూసింది. సన్నగా ఈల వెయ్యబోతే పళ్ళ సందుల్లోంచి గాలి మాత్రమే వచ్చింది.

సుక్రు భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు.

“నేర్పితే ఒచ్చేది కాదిది. మా అయ్య మావులో చేప దొంగిలించి ఇలాగే ఎల్లికిలా పడుండేది” అన్నాడు. తమ్ముడివంక తిరిగాడు. “బాణాలు అటక మీదే ఉండనీరా. చెదలు పడితే పట్టనీ.”

ఫల్గుణ పేడ తుడుచుకుని, “సరే, గుంటకి కల్లెవరు పోస్తారు?” అన్నాడు. “పాలు!” అని భానుశ్రీ కేకేసింది. “కాచిన పాలు!”

కనక ఒక్క ఉదుటున వెళ్ళి కుండలో మిగిలిన పేడనీళ్ళు మొగుడి నెత్తిన పోసింది. “ఇన్నేళ్ళూ నాతో వేట ఊసెత్తనందుకు” అంది. సుక్రు కదలకుండా పోయించుకున్నాడు.

సాయంత్రం భానుశ్రీ బయలుదేరుతుంటే పైడి కారులో నిద్రపోతోంది. ఒక కాలికి బూటు ఉంది, ఒక కాలికి బురద ఉంది. చెయ్యి పెట్టి నుదురు చూసి, “పిన్నీ, పిల్ల మీంచి నా చూపు ఒక్కసారి పోయింది. ఏదైనా అయ్యుంటే?” అంది. పొద్దున్నుంచి లోపల దాచుకున్న మాట అది.

కనక కిటికీ మీద మోచెయ్యి ఆనించింది.

ఇప్పుడు పైడికి మామూలు చెప్పులే. వరండాలోంచి అంగన్‌వాడీ వైపు చూడ్డం భానుశ్రీ మానలేదు. కానీ పైడి తల ఎత్తి పనసచెట్టు వైపు చూస్తుంటే దుర్భిణి కూడా పనసచెట్టు వైపు తిరుగుతుంది. మొన్న అందులో కొండ ఉడత ఉంది. నిన్న ఏమీ లేదు, ఊరికే ఆకులు కదిలాయి. అయినా చాలాసేపు చూసింది. లక్ష్మీప్రసాద్ ఫోన్ చేసి, పిల్ల బాగుందా అని అడిగితే, ఇప్పుడు పిల్ల ఏం చూసిందో చెబుతోంది. అప్పుడప్పుడూ పాత భయం వస్తుంది. వచ్చినప్పుడల్లా, కారు కిటికీలోంచి వంగి కనక చెప్పిన మాట తలుచుకుంటుంది.

“రిబ్బను ఎవరో ఒకరు పట్టుకునే ఉంటాం, టీచరమ్మా. నువ్వు గుంటని సూడకు. గుంట ఏటి సూత్తందో, అది సూడు.”